గృహవైద్యము: ఒంటికాలి వాపు



గూడూరునుండి ఒక సోదరి క్రిందటి నెలలో మాకొక జాబు వ్రాసిరి. అందలి సంగతి పలువురకు పనికివచ్చునదిగా నున్నందున, వారి యనుమతితో పేరు విడిచి ఇక్కడ చెప్పుచున్నాము.

ఆమె కుమార్తెకు శస్త్రచికిత్సతో కాన్పయినది. తల్లియు బిడ్డయు క్షేమముగ నింటికి వచ్చిరి. పురిటిస్నానమైన మరునాడు ఆ చిన్నది ఎడమపిక్క లాగుచున్నదని చెప్పెను. ఇంటిలోని అవ్వగారు పదిమంది పురుళ్లు చూచినవారు. “పచ్చిబాలింతవు, చన్నీళ్ల నేలమీద కాలు పెట్టితివి, వాతము చేసినది” అని మందలించి, ఆముదము వెచ్చచేసి రెండుపూటల మర్దన చేయించిరి. బాలింతకు నీళ్లెక్కువ పనికిరావని దాహమునకు గుక్కెడు మాత్రమే ఇచ్చిరి. మూడవనాటికి కాలు బరువెక్కినది. చూడవచ్చిన పొరుగింటామె ఒక మాట యన్నది: “కుడికాలి గొలుసు వదులుగానే యున్నదే, ఎడమకాలి గొలుసు మాత్రము కండలో దిగిపోవుచున్నదేమి?” ఆ మాటతో తల్లికి గుండె జల్లుమని, ఆ పూటనే బండి కట్టించుకొని ఆసుపత్రికి తీసికొనిపోయిరి. అచ్చట స్కానింగు చేసి, పిక్కనుండి తొడవరకు సిరలో నెత్తురు గడ్డకట్టినదని చెప్పి, సూదిమందు మొదలుపెట్టిరి. ఇపుడు అమ్మాయి లేచి తిరుగుచున్నది.

ఆ తల్లి రెండు ప్రశ్నలడిగినారు. “కాలినొప్పి రాని యిల్లు లేదు. ఏది పిక్కపట్టు, ఏది వాతము, ఏది ఈ నెత్తురుగడ్డ అని మావంటివారు తెలిసికొనుట ఎట్లు? ప్రతి నొప్పికిని ఆసుపత్రికి పరుగెత్తవలసినదేనా?” ప్రశ్నలు రెండును న్యాయమైనవే. మాకు తెలిసినంతవరకు ప్రత్యుత్తర మిచ్చుచున్నాము.

నెత్తురు ఏల గడ్డకట్టును?

గుండెనుండి నెత్తురును కొనిపోవు నాళములు ధమనులు. తిరిగి గుండెకు తెచ్చునవి సిరలు. కాలి సిరలలో నెత్తురు నేలవైపునుండి పైకి ఎక్కవలసియుండును. అందుకు సాయపడునది పిక్కకండ. నడచునపుడెల్ల ఆ కండ బిగిసి, లోతుననున్న సిరలను పిండి, నెత్తురును పైకి నెట్టును. మంచమునుండి కదలకపోయినను, ఒక్కచోట గంటలకొలది కూర్చున్నను ఈ పని మందగించును.

బెర్లినులో పనిచేసిన విర్కో అను జర్మను వైద్యుడు 1856లో ప్రకటించిన గ్రంథమున ఈ వ్యాధి మార్గమును విశదపరచెను. ఆయన పేర వైద్యులు మూడు కారణములు చెప్పుదురు. నెత్తురు పరుగు మందగించుట ఒకటి. నాళపు గోడకు దెబ్బతగులుట రెండవది. నెత్తురే గడ్డకట్టు గుణమును హెచ్చుగా పొందుట మూడవది. పాలు కదలక యొకచోట నుండి, చేమిరియు తగిలినగాని తోడుకొనవు గదా, అట్లే ఇదియు.

బాలింతయందు ఈ మూడును కూడియుండును. కాన్పులో అధిక రక్తస్రావము కాకుండుటకై ప్రకృతియే గర్భిణి నెత్తురునకు త్వరగా గడ్డకట్టు శక్తి నిచ్చినది. పెరిగిన గర్భము పొత్తికడుపులోని సిరల నొత్తును. అందును ఎడమకాలినుండి వచ్చు సిరపై కుడికాలికి పోవు ధమని అడ్డముగ పోవుటచేత, గర్భిణులకు ఎడమకాలనే ఈ గడ్డ ఎక్కువగ ఏర్పడును. కాన్పులో నాళములకు గాయమగును, శస్త్రచికిత్సయైనచో మరింత. పిమ్మట మంచము పట్టియుండుట సరేసరి. వేయిమంది గర్భిణులలో సుమారు ఒకరిద్దరికి ఇది కలుగునని పలుదేశముల లెక్కలు చెప్పుచున్నవి. కాన్పైన తరువాతి 6 వారములు మిక్కిలి జాగ్రత్త పడవలసిన కాలము. పూర్వము ఐరోపాలో సయితము, బాలింతకాలు వాచినచో పాలు కాలిలోనికి దిగినవని నమ్మి, దానికి పాలకాలు అని పేరుపెట్టిరి. కావున మన అవ్వలు మాత్రమే పొరబడిరనుట సరికాదు.

నెత్తురుగడ్డ గుర్తులు

ఈ వ్యాధికి వైద్యులు డీప్ వీన్ త్రాంబోసిస్ అని పేరు పెట్టిరి. లోతు సిరలో గడ్డ అని దాని యర్థము. ముఖ్యమైన గుర్తులివి.

మొదటిది, సాధారణముగ ఒక్క కాలే వాచును. రెండవది, పిక్కలోగాని తొడలోగాని లోపలనుండి లాగునట్టి, బరువైన నొప్పి. నిలుచున్నపుడును నడచునపుడును హెచ్చుగ తెలియును. మూడవది, తాకిచూచిన ఆ కాలు రెండవదానికంటె వెచ్చగ నుండును. నాలుగవది, చర్మము ఎరుపెక్కును. మనవంటి చామనచాయ శరీరములందు ఎరుపు కనబడకపోవచ్చును. చర్మము బిగిసి మెరయుచు, కొంచెము కమిలినట్లు నల్లబడును. ఐదవది, మునుపు కనబడని సిరలు పైకి తేలును.

ఇంటిలో బట్టలు కుట్టుకొను కొలత టేపు ఉన్నచో ఒక పని చేయవచ్చును. మోకాటిచిప్పకు దిగువ ఎముకపై తగులు బొడిపెనుండి 10 సెంటీమీటర్లు క్రిందికి రెండుకాళ్లమీదను గుర్తుపెట్టి, అచ్చట పిక్కల చుట్టుకొలత తీయుడు. ఒక పిక్క మరియొకదానికంటె 3 సెంటీమీటర్లకు మించి లావుగ నున్నచో వైద్యులు దానిని గట్టి గుర్తుగ ఎంచుదురు. అంతకు తక్కువయైనంత మాత్రమున భయము లేదనుకొనరాదు. గొలుసులు, మెట్టెలు, చెప్పులవారు ఒక్క ప్రక్కనే బిగియుటయు ఇట్టి గుర్తే.

పాదమును పైకి వంచి పిక్క నొప్పిపెట్టినచో నెత్తురుగడ్డయేయని కొందరు చెప్పుదురు. ఈ పరీక్షను నమ్మవలదు. గడ్డ యున్నను నొప్పి రాకపోవచ్చును; గడ్డ లేకున్నను పిక్కపట్టువలన నొప్పి రావచ్చును.

ఇతర నొప్పుల తీరు

ఇక మనకు తరచుగ వచ్చు నితర నొప్పులెట్లుండునో చూతము.

పిక్కపట్టు: రాత్రి నిద్రలో చటుక్కున వచ్చును. కండ రాయివలె గట్టిపడి, ప్రాణము పోవునట్లు నొప్పిపెట్టి, కాలు చాచి పాదమును వంచిన కొన్ని నిమిషములలో వదలును. మరునాడు కొంచెము సలుపు మిగులవచ్చును గాని వాపు రాదు. గర్భిణులకిది సాధారణము.

కండ బెణుకుట: దీనికొక కారణము జ్ఞప్తికి వచ్చును. నిమ్మతోటలో దినమంతయు కాయలు కోసితిననియో, మెట్లు దిగుచు కాలు జారితిననియో, తిరుమలకు కాలినడకన ఎక్కితిననియో చెప్పగలుగుదుము. నొప్పి ఒకచోట నుండును. విశ్రాంతితో దినదినము తగ్గును. కొండ యెక్కినవారికి నొప్పి రెండుకాళ్లలోను సమముగ నుండును. కారణమేమియు లేక, తగ్గుటకు బదులు దినదినము హెచ్చు ఒంటికాలి నొప్పినే శంకింపవలెను.

నడుమునుండి దిగు నొప్పి: దీనినే మన వైద్యులు గృధ్రసి యనిరి, నేడు సయాటికా అందురు. పిరుదునుండి తొడ వెనుకగా పాదమువరకు తీగ లాగినట్లు పోవును. దగ్గినను తుమ్మినను జివ్వుమనును. తిమ్మిరి యుండును, వాపుండదు.

ఉబ్బునరములు: ఎక్కువసేపు నిలుచుండి పనిచేయు స్త్రీలకు పిక్కలపై నరములు మెలికలు తిరిగి నీలముగ కనబడును. సాయంత్రమునకు కాళ్లు బరువెక్కి, రాత్రి పండుకొని కాళ్లెత్తి పెట్టుకొన్న ఉదయమునకు తేలికపడును. ఆ ఉబ్బునరమే యొకటి త్రాడువలె గట్టిపడి, ఎర్రబడి, ముట్టిన నొప్పిపెట్టినచో అది పైసిరలోని గడ్డ. లోతుగడ్డయంత అపాయము కాకున్నను, లోనికి ప్రాకవచ్చును గనుక వైద్యునికి చూపవలెను.

బోదజ్వరము: మన కోస్తా జిల్లాలలో చిరకాలముగ నున్న వ్యాధి. మురుగునీటి దోమలవలన వచ్చును. చలిజ్వరముతో ఆరంభమై, గజ్జలో బిళ్ల కట్టి, కాలిపై ఎర్రని చార పైనుండి క్రిందికి దిగును. కొన్నిదినములకు తగ్గి, కొన్నినెలలకు మరల వచ్చును. మొదట వ్రేలితో నొక్కిన సొట్టపడు వాపు, ఏండ్లు గడచినకొలది గట్టిపడును. జ్వరము ముందును వాపు వెనుకను వచ్చుట దీని తీరు. నెత్తురుగడ్డయందు జ్వరముండినను సాధారణముగ స్వల్పము.

చర్మము క్రింద చెడువాపు: దీనికి సెల్యులైటిస్ అని పేరు. మడమపగులునుండియో, వ్రేళ్లసందు ఒరుపునుండియో, ముల్లు గ్రుచ్చుకొన్న చోటునుండియో సూక్ష్మజీవులు లోనికి పోయి పుట్టించును. ఎరుపు అంచుతో సహా కనబడి గంటగంటకు ప్రాకును. జ్వరము గట్టిగ తగులును. మధుమేహము గలవారు దీనిని కూడ అదేదినమున చూపించుకొనవలెను.

రెండుకాళ్ల వాపు: రెండును సమముగ వాచినచో సామాన్యముగ కారణము కాలిలో గాక, గుండెలోనో, మూత్రపిండములలోనో, కాలేయములోనో, రక్తలేమిలోనో యుండును. రక్తపుపోటునకు వాడు కొన్ని మాత్రలవలనను వచ్చును. గర్భిణికి కాళ్లతోపాటు ముఖమును చేతులును వాచి, తలనొప్పియు కన్నులకు మసకయు కలిగినచో రక్తపుపోటు హెచ్చినదేమోయని వెంటనే చూపింపవలెను.

చల్లబడిన కాలు: ఇది అన్నిటికంటె తొందరయైనది. కాలు హఠాత్తుగ నొప్పిపెట్టి, పాలిపోయి, చల్లబడి, మొద్దుబారి, పాదముమీది నాడి తగులకుండినచో అడ్డుపడినది సిరలో గాదు, ధమనిలో. గడ్డకట్టిన సిరకాలు సాధారణముగ వెచ్చగ వాచును. నెత్తురందని ధమనికాలు చల్లగ పాలిపోవును. కొన్నిగంటలలో వైద్యము జరుగకున్న కాలే పోవచ్చును. పొగత్రాగువారికిని మధుమేహులకును, కొంతదూరము నడవగానే పిక్క నొప్పిపెట్టి, నిలిచినంతనే తగ్గుచుండినచో అది ధమని ఇరుకగుచున్నదను హెచ్చరిక.

చేతికిని ఈ వ్యాధి రావచ్చును. సెలైను చాలదినములు ఎక్కించిన తరువాత చేయి మొత్తముగ వాచినచో ఉపేక్షింపరాదు.

ఇన్ని భేదములు చెప్పితిమిగాని ఒక మాట మరువవలదు. ఈ గుర్తులన్నియు అనుమానమును పుట్టించునవియే గాని నిశ్చయించునవి కావు. మోకాటి వెనుకనుండు నీటితిత్తి పగిలినను అచ్చముగ నెత్తురుగడ్డవలెనే కనబడును. గుర్తులేవియు లేకయే గడ్డకట్టినవారును పలువురు కలరు. నిశ్చయించునది డాప్లర్ అను స్కానింగు. అందు సూది లేదు, నొప్పి లేదు, పాలిచ్చు తల్లికిని గర్భిణికిని హానిలేదు. డి-డైమర్ అను రక్తపరీక్షయు కలదు గాని, గర్భిణులకును బాలింతలకును అది స్వభావముగనే హెచ్చుగ నుండుటచేత, దానినిబట్టి మాత్రమే వ్యాధి యున్నదనుటకు వీలులేదు.

భయమెందుకు?

కాలు వాచుట యొక్కటే యైనచో ఇంత వ్రాయ నక్కరలేదు. కాలిలోని గడ్డ తెగి, నెత్తురుతో గుండెకు పోయి, అచ్చటనుండి ఊపిరితిత్తుల నాళములలో చిక్కుకొనవచ్చును. అపుడు హఠాత్తుగ ఆయాసము వచ్చును, ఊపిరి పీల్చిన రొమ్ములో పోటు పొడుచును, గుండె దడదడలాడును, దగ్గులో నెత్తురు పడవచ్చును, స్పృహతప్పవచ్చును. గడ్డ పెద్దదైనచో ప్రాణమే పోవును. ఒంటికాలి నొప్పితో నున్నవారికి ఈ లక్షణములలో ఏ యొక్కటి కనబడినను క్షణము ఆలసింపక 108కి ఫోను చేయవలెను. మన రాష్ట్రమున ఈ ఆంబులెన్సులు 2005 ఆగస్టు 15 నుండి నడచుచున్నవి.

చేయవలసినదియు, చేయరానిదియు

అనుమానము కలిగిన కాలిని మర్దన చేయరాదు. పిసుకుటవలన గడ్డ తెగవచ్చును. నూనె రాయుటలో తప్పులేదుగదా యని రాయబోయినచో చేయి ఊరకుండక పిసుకును; కావున నూనెయు వలదు. తోచిన నొప్పిమాత్రలు మ్రింగి రెండుదినములు చూతమనుకొనరాదు. అదేదినమున వైద్యునివద్దకు పోయి, కాన్పయినదనియో, శస్త్రచికిత్స జరిగినదనియో, ఏ మాత్రలు వాడుచున్నామో అడుగకముందే చెప్పవలెను. గూడూరివారికి ఊరిలోనే ప్రభుత్వాసుపత్రి కలదు. అచ్చట చూచి, అవసరమైనచో నెల్లూరికో తిరుపతికో పంపుదురు.

చికిత్స చిరకాలముగ తెలిసినదే. 1916లో అమెరికాలో మెక్లీన్ అను వైద్యవిద్యార్థి కనుగొన్న హెపారిన్ అను మందు నేటికిని సూదిగా వాడుకలో నున్నది. వార్ఫరిన్ అను మాత్ర కథ వింతయైనది. చెడిన గడ్డి తిని పశువులు నెత్తురు కారి చనిపోవుటకు కారణము వెదకుచు కనుగొన్న పదార్థమునుండి అది పుట్టినది. 1948లో ఎలుకల మందుగ అమ్మబడి, 1954 నుండి మితమైన మోతాదులో మనుష్యులకు ఔషధమైనది. హెపారిన్, వార్ఫరిన్ ఈ రెండును పాలిచ్చు తల్లులు వాడదగినవే. బిడ్డకు పాలు మాన్పింప నక్కరలేదు. క్రొత్తరకపు మాత్రలు పాలిచ్చువారికి సాధారణముగ ఇయ్యరు. గర్భిణికి వార్ఫరిన్ పిండమునకు హానిచేయును గనుక సూదిమందే ఇత్తురు.

సామాన్యముగ కనీసము 3 నెలలు మందు వాడవలెను. వాపు తగ్గినదని మధ్యలో మానుట అపాయము. వార్ఫరిన్ వాడువారు గోంగూర, తోటకూర, మునగాకు మొదలగు ఆకుకూరలను పూర్తిగ విడువ నక్కరలేదు. ఒకవారము మానుట, ఒకవారము దినమును తినుట మాత్రము కూడదు. ఏకరీతిగ తినుచు, చెప్పిన గడువులకు నెత్తురు పరీక్ష చేయించుకొనవలెను.

రాకుండ కాపాడుకొనుట

బాలింతకు దాహమైనంత నీరియ్యవలెను. కాచి చల్లార్చిన నీరు దాహమునకు తగినంత త్రాగిన ఆమెకు హానిలేదు. పాలకును అదియే మేలు. వైద్యులు లేవవచ్చునని చెప్పినప్పటినుండి గదిలోనైనను నాలుగడుగులు వేయింపవలెను. మంచముమీద నున్నపుడు పాదములను క్రిందికి మీదికి ఆడించుచుండవలెను. మునుపు ఈ వ్యాధి వచ్చినవారును, రక్తసంబంధులలో వచ్చినవారు గలవారును ఆ సంగతిని గర్భము నిలిచిన తొలినెలలలోనే వైద్యురాలికి చెప్పవలెను.

మరియొక సంగతి మన యిండ్లలో బహిరంగముగ మాటలాడుకొనునది కాదు. వ్రతమునకో, పెండ్లికో, కొండకు పోవుటకో బహిష్టు వాయిదా పడవలెనని మందుల దుకాణమునుండి మాత్రలు తెప్పించి మ్రింగుట అలవాటైనది. ఆ మాత్రలకును, కొన్ని సంతాననిరోధపు మాత్రలకును నెత్తురు గడ్డకట్టు గుణమును హెచ్చించు స్వభావము కలదు. చాలమందికి ఏమియు కాకపోవచ్చును. కాని స్థూలకాయులు, పొగత్రాగువారు, మునుపు గడ్డకట్టినవారు, ఇటీవల కాన్పయినవారు వైద్యురాలి నడుగక వానిని ముట్టరాదు. ఆ మాత్రలు మ్రింగుచున్న దినములలో కాలు లాగినచో సిగ్గుపడక చెప్పవలెను.

అమెరికాలోని కూతుళ్ల పురుళ్లకై విమానములలో పోవు తల్లులు నేడు మన పల్లెలలోను కలరు. 4 గంటలకు మించి కదలక చేయు ప్రయాణము, అది విమానమైనను, రైలైనను, బస్సైనను, ఈ ప్రమాదమును సుమారు రెండింతలు చేయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2007లో ప్రకటించినది. అయినను ఆరోగ్యవంతులలో అది సుమారు 6,000 మందిలో ఒకరికి మాత్రమే గనుక ప్రయాణము మాన నక్కరలేదు. గంటకొకసారి లేచి తిరుగుట, నీరు త్రాగుట, పాదము లాడించుట చాలును. తిరిగివచ్చిన తరువాత కొన్నివారములవరకు ఒంటికాలి వాపు వచ్చినచో ప్రయాణపు సంగతి వైద్యునికి చెప్పవలెను.

సిగ్గు చేసిన చేటు

గూడూరునుండి వెంకటగిరి, శ్రీకాళహస్తి, రేణిగుంట, తిరుపతి, చిత్తూరులమీదుగా కాట్పాడికి రైలుమార్గము కలదు. కాట్పాడి దిగిన వేలూరు వైద్యాలయమునకు పోదుము. ఆ వైద్యాలయము పుట్టుటకు కారణము మన స్త్రీల సిగ్గే. 19వ శతాబ్దపు చివర, తిండివనములో నొక్కరాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత నొకరు వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలను చూడుమని ఐడా స్కడర్ అను యువతిని వేడిరి. ఆమె తాను వైద్యురాలను కాననియు, వైద్యుడైన తన తండ్రిని పంపుదుననియు చెప్పెను. పరపురుషుడు చూడరాదని వారు వెనుదిరిగిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆ దుఃఖముతో ఆమె అమెరికాకు పోయి వైద్యవిద్య నేర్చి, 1900లో వేలూరున ఒక్క మంచముతో వైద్యము మొదలిడెను. 1918లో స్త్రీలకు వైద్యపాఠశాల పెట్టెను.

నేడు వైద్యురాండ్రు ఊరూర నున్నారు. అయినను తొడనొప్పి యని చెప్పుటకు, చీర మోకాటిపైకి తీసి చూపుటకు జంకు స్త్రీలు ఇంకను కలరు. ఇంటిల్లిపాదికి వండి వడ్డించిన తరువాత చూచుకొందమని తమ నొప్పిని వాయిదా వేయువారు అంతకంటె నెక్కువ. వైద్యుడు పురుషుడైనచో ప్రక్కన నొక స్త్రీ నుంచి చూపించుకొనవచ్చును. చూపకుండుట మాత్రము కూడదు.

ఇక ఆ తల్లి రెండవ ప్రశ్న. ప్రతి నొప్పికిని పరుగెత్త నక్కరలేదు. రెండుకాళ్లలో సమముగ నుండి, కారణము తెలిసి, వాపులేక, దినదినము తగ్గు నొప్పిని ఇంటిలోనే చూచుకొనవచ్చును. ఒంటికాలు వాచి, వెచ్చబడి, నొప్పి హెచ్చుచుండినచో ఆ పూటనే పోవలెను. బాలింతకు, గర్భిణికి, శస్త్రచికిత్సయైనవారికి, మంచము పట్టినవారికి, పుట్టకురుపు వ్యాధి గలవారికి గుర్తు ఒక్కటి కనబడినను చాలును. స్కానింగులో ఏమియు లేదని తేలినచో ఖర్చు దండుగయైనదని చింతింప వలదు.

ఆ జాబు చివర నొక మాట కలదు. తాను చేయించిన మర్దనవలన పిల్లకు ప్రాణముమీదికి వచ్చెడిదేమోయని అవ్వగారు నేటికిని కంటతడి పెట్టుచున్నారట. అవ్వగారికి మా మనవి యొక్కటి. మీరు ఆ పిల్లను ప్రేమించియే చేసితిరి, తెలియక చేసితిరి. మీ మాట వినువారు ఆ వీథిలో పలువురుందురు. ఇకమీద ఏ బాలింత కాలు లాగుచున్నదన్నను, ఆముదపుగిన్నె అందుకొనుటకు ముందు రెండుకాళ్లను ప్రక్కప్రక్కన పెట్టించి చూడుడు.